వేడిని కొనేదెవరు?

స్వీడన్‌లో కట్టెలతో నడిచే విద్యుత్ ప్లాంటు గేటు దగ్గర చిప్స్ (చిన్న ముక్కలుగా కొట్టిన కట్టె) లారీ ఆగగానే మొదట తూకం వేస్తారు. తర్వాత అంతకంటే ముఖ్యమైన పని మొదలవుతుంది. లోడులో నాలుగైదు చోట్ల నుంచి నమూనా తీసి, గిన్నెలో పోసి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు. బరువు ఇక తగ్గదు అనేదాకా, అంటే దాదాపు ఒక రోజు, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. రెండు తూకాల మధ్య తేడా ఎంతో అంత నీరు. సరఫరాదారుకు డబ్బు కట్టేది ఆ నీరు పోగా లోడులో మిగిలిన వేడికి; టన్నులకు కాదు. మన పత్తి రైతుకు ఇదేమీ వింతగా అనిపించదు. సీసీఐ కేంద్రంలో మీటరు గుచ్చి తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే అసలు కొనరు. కాకపోతే పత్తిలో నీరు ముఖ్యంగా బరువు పెంచుతుంది. కట్టెలో నీరు బరువు పెంచడమే కాక, తాను ఆవిరి కావడానికి కావలసిన వేడిని కూడా ఆ కట్టె నుంచే గుంజుకుంటుంది.

పూర్తిగా ఎండిన కిలో కట్టెలో దాదాపు 18.5 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే అయిదు యూనిట్లకు కాస్త పైన. వేపైనా, తుమ్మైనా, ఉత్తరాది దేశాల స్ప్రూస్ అయినా కిలో ఎండు కట్టెకు ఈ అంకె పెద్దగా మారదు. మారేదల్లా తేమ. 30 శాతం తేమ ఉంటే కిలోకు 12 మెగాజౌళ్లే మిగులుతాయి. అడవిలో నరికి నేరుగా చిప్స్ కొడితే బరువులో సగం నీరే. అప్పుడు చేతికొచ్చేది 8. ఒకే బరువున్న రెండు లారీల్లో వేడి ఒకటిన్నర రెట్ల తేడాతో ఉండవచ్చన్నమాట. కట్టెలు టన్ను రేటుకు కొంటామని, తేమ ఊసెత్తకుండా రాసిన ప్రాజెక్టు రిపోర్టు చేతికొస్తే, మిగతా పేజీలు చదవడానికి నేనైతే పెద్దగా తొందరపడను.

ఇలాంటి ప్లాంటులో డబ్బు పెట్టాలని వచ్చేవారి చూపు ముందుగా టర్బైన్ మీద పడుతుంది. అది తిరుగుతుంది, మెరుస్తుంది, ఇన్ని మెగావాట్లని గొప్పగా చెప్పుకోవడానికి వీలుంటుంది. ప్లాంటు బతుకు మాత్రం దానికి అటూ ఇటూ ఉన్న రెండింటి చేతిలో ఉంటుంది: ఒక పక్క చిప్స్ యార్డు, ఇంకో పక్క వేడినీళ్ల పైపు. టర్బైన్ ధర టెండరు తెరిచిన రోజే తేలిపోతుంది. కట్టెల ధర ఇరవై ఏళ్లపాటు ప్రతి సీజన్‌లోనూ కొత్తగా తేలుతుంది. ఇక వేడినీళ్లు కొనే ఊరు లేకపోతే, తర్వాత చూడబోతున్నట్టు, లెక్క మొదటి వరుసలోనే కూలిపోతుంది.

కారణం ఆవిరి స్వభావంలో ఉంది. టర్బైన్‌లోకి ఆవిరి ఎంత వేడిగా, ఎంత పీడనంతో వెళ్తుందో, అవతలి వైపు ఎంత చల్లగా బయటికి వస్తుందో, ఆ తేడాను బట్టి కరెంటు పుడుతుంది. అందుకే కరెంటు ఒక్కటే అమ్ముకునే ప్లాంటు తన ఆవిరిని 40 డిగ్రీల దాకా దించి నీరుగా మారుస్తుంది. 40 డిగ్రీల నీళ్లు స్నానానికి బాగుంటాయి గాని, ఊరి ఇళ్లను వెచ్చబెట్టడానికి చాలవు. ఆ వేడంతా కూలింగ్ టవర్ మీదుగా గాలిలో కలుస్తుంది. 100 పాళ్ల కట్టె వేడి లోపలికి పోతే పెద్ద బాయిలర్ నుంచి 30 పాళ్ల కరెంటు వస్తుంది, చిన్నదాన్నుంచి 20 వస్తే గొప్ప.

అదే ఆవిరిని 90–100 డిగ్రీల దగ్గరే ఆపేస్తే కరెంటు అయిదారు పాళ్లు తగ్గుతుంది. కానీ ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే 60కి పైగా పాళ్ల వేడి ఇప్పుడు అమ్మకానికి పనికొచ్చే వేడి. ఆ వేడితో కాగిన నీళ్లు నేలలో పాతిన పైపుల గుండా ఊరంతా తిరిగి, ఇళ్లలో రేడియేటర్లను వెచ్చబెట్టి, చల్లారి వెనక్కి వస్తాయి. ఉత్తర ఐరోపా ఊళ్లలో దీన్ని డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు. ఇంటింటికీ బాయిలర్ ఉండదు. నీళ్ల మీటరు లాంటి వేడి మీటరు ఒకటి ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క దగ్గరగా చూడదగ్గది. సగం తేమ ఉన్న కిలో చిప్స్ తీసుకోండి. అందులో నీరు 500 గ్రాములు. మిగతా 500 గ్రాముల ఎండు కట్టెలో హైడ్రోజన్ ఆరు శాతం; అది కాలితే మరో 270 గ్రాముల నీరు పుడుతుంది. అంటే కిలో చిప్స్ కాలిస్తే ముప్పావు కిలోకు పైగా నీరు ఆవిరిగా పొగగొట్టం ఎక్కుతుంది. దాన్ని అక్కడే పట్టి మళ్లీ నీరుగా మారిస్తే 1.9 మెగాజౌళ్లు తిరిగి వస్తాయి. కొనేటప్పుడు ఆ కిలోకు 8 మెగాజౌళ్ల కింద డబ్బు కట్టాం గనక, ఇది దాదాపు పావు వంతు ఉచితం. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్ ప్లాంట్లలో పొగను చల్లార్చే ఈ కండెన్సర్ మామూలు సంగతి. వాటి సామర్థ్యం వంద శాతం దాటిందని కాగితాల్లో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు; నీటి ఆవిరి వేడిని లెక్కలో చేర్చకుండా మొదలుపెట్టి, చివర్లో దాన్నీ పట్టుకున్నారు, అంతే.

అయితే దీనికో షరతుంది. పొగలోని ఆవిరి 60 డిగ్రీల చిల్లర దగ్గర నీరు కావడం మొదలుపెడుతుంది. కాబట్టి ఊరి నుంచి వెనక్కి వచ్చే నీళ్లు 40–50 డిగ్రీలకు చల్లారి ఉండాలి. ఇళ్లలో రేడియేటర్లు చిన్నవైనా, వాల్వులు సరిగా బిగించకపోయినా నీళ్లు వేడిగానే తిరిగొస్తాయి, కండెన్సర్ పని చెయ్యదు. కోట్లు పోసి కట్టిన ప్లాంటు లాభం ఎవరి పడకగదిలోనో ఉన్న వాల్వు మీద ఆధారపడి ఉంటుందని బ్యాంకు వాళ్లకు చెబితే నమ్మరు గాని, వేడి పంపే కంపెనీలు తమ ఇంజనీర్లను ఇళ్లకు పంపి వాల్వులు సరిచేయించేది ఇందుకే.

ప్లాంటు ఎంత పెద్దదిగా కట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఏడాదిలో 8,760 గంటలు. ఊరికి ఏ గంటలో ఎంత వేడి కావాలో రాసుకుని, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పేర్చితే ఎడమ చివర ఒక సూదిమొన, కుడి వైపు పొడవాటి వాలు వస్తాయి. సూదిమొన జనవరిలో ఎముకలు కొరికే కొన్ని రాత్రులు. వాలు చివరన ఎండాకాలం. స్నానాలకు తప్ప వేడి అక్కర్లేని రోజులు. సూదిమొన ఎత్తుకు సరిపడా కట్టెల ప్లాంటు కడితే ఏడాదిలో ఎక్కువ భాగం అది సగం ఖాళీగా కూర్చుంటుంది, వడ్డీ మాత్రం పూర్తిగా నడుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు గరిష్ఠ అవసరంలో సగానికి అటూ ఇటూగా కడతారు. ఏడాది మొత్తం వేడిలో ముప్పాతిక వంతుకు పైగా అదే ఇస్తుంది. మిగతా గడ్డకట్టే రాత్రులకు చవగ్గా కట్టిన, ఖరీదైన చమురుతో నడిచే బాయిలర్ ఒకటి మూలన ఉంటుంది. పర్యావరణం పేరు మీద ఆ చమురు బాయిలర్‌ను తీసేయాలని పట్టుబట్టేవాళ్లుంటారు. అది నడిచేది చలి ముదిరిన రోజుల్లోనే. దాన్ని తీసేయడానికి పెట్టే డబ్బుతో ఊళ్లో ఇంకో వీధికి పైపు వేయొచ్చు.

దక్షిణ స్వీడన్‌లోని వెక్షో పట్టణం తన దేశంలో ఈ దారిన అందరికంటే ముందు నడిచింది. చుట్టూ స్మోలండ్ అడవులు, సామిల్లులు. 1973 చమురు సంక్షోభం దాకా స్వీడన్ ఇళ్లు చమురుతోనే వెచ్చగా ఉండేవి. వెక్షో మునిసిపల్ కంపెనీ 1980లో తన సాండ్‌విక్ ప్లాంటులో కట్టె చిప్స్ కాల్చడం మొదలుపెట్టింది. అప్పటికే వీధుల కింద పైపులు ఉన్నాయి. పొయ్యి మారింది, పైపు మారలేదు. 1991లో స్వీడన్ ప్రభుత్వం టన్ను బొగ్గుపులుసు వాయువుకు 250 క్రోనాల పన్ను వేసింది. తర్వాతి ఏళ్లలో అది నాలుగు రెట్లు దాటింది. కట్టెలకు ఆ పన్ను లేదు. 1996లో వెక్షో కౌన్సిల్ శిలాజ ఇంధనాలు పూర్తిగా మానేస్తామని తీర్మానించినప్పుడు అది ఆదర్శంలా వినిపించింది గాని, లెక్క అప్పటికే వాళ్ల పక్షాన ఉంది. పైపు, పన్ను, పక్కనే అడవి మూడూ కలిసిన చోట కొత్త యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి.

ఈ మూడింటిలో ఒకటి తప్పుకుంటే ఏమవుతుందో ఒక ఊహా ప్లాంటుతో చూద్దాం. కింది అంకెలు ఏ ఒక్క ప్లాంటువీ కావు. లెక్క నడక చూపించడానికే. లోపలికి 20 మెగావాట్ల కట్టె వేడి పోతుంది, ఏడాదికి 5,000 గంటలు నడుస్తుంది. మొత్తం 10 కోట్ల యూనిట్ల ఇంధనం. సగం తేమ చిప్స్ అయితే సుమారు 45 వేల టన్నులు. నడిచే రోజుల్లో రోజుకు ఆరేడు పెద్ద లారీలు. యూనిట్‌కు 2.5 సెంట్ల చొప్పున కట్టెల ఖర్చు 25 లక్షల యూరోలు. కరెంటు 22 శాతం, అంటే 2.2 కోట్ల యూనిట్లు. 5 సెంట్లకు అమ్మితే 11 లక్షలు. వేడి ఆరున్నర కోట్ల యూనిట్లు, కండెన్సర్ నుంచి ఇంకో ఒకటిన్నర కోట్లు, 4.5 సెంట్లకు అమ్మితే 36 లక్షలు. రాబడి 47 లక్షలు. కట్టెలకు 25, జీతాలకూ మరమ్మతులకూ 5 తీసేస్తే 17 లక్షలు మిగిలాయి. ప్లాంటు కట్టడానికి రెండు కోట్ల యూరోలు అయిందనుకుంటే, 5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లలో తీర్చడానికి ఏటా 16 లక్షలు. చేతిలో మిగిలేది లక్ష.

ఈ లక్ష ఎంత సన్నని గోడో చూడండి. కట్టెల ధర అయిదో వంతు పెరిగితే లక్ష లాభం నాలుగు లక్షల నష్టం అవుతుంది. వడ్డీ 5 నుంచి 7కు పోతే దాదాపు రెండు లక్షల నష్టం. కరెంటు ధర అయిదో వంతు పడిపోతే నష్టం లక్షా ఇరవై వేలు. మూడింటిలో ఇదే చిన్నది. ఇప్పుడు వేడినీళ్ల పైపు లేదనుకుందాం. ఆవిరిని పూర్తిగా చల్లార్చి కరెంటు 28 శాతానికి పెంచుకున్నా 14 లక్షలే వస్తాయి. కట్టెల బిల్లు 25 లక్షలు. ఎక్కువ గంటలు నడిపితే నష్టం ఇంకా పెరుగుతుంది. ప్రభుత్వమో, డిస్కమో బజారు ధరకు రెట్టింపు ఇస్తే తప్ప ఆ ప్లాంటుకు మంట వేయకపోవడమే మేలు.

ఇక యార్డు వైపు వెళ్దాం. చిప్స్ కుప్ప బతికున్న పదార్థం లాంటిది. తడి చిప్స్‌ను ఎత్తుగా పోస్తే లోపల సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి కొన్ని రోజుల్లోనే కుప్ప నడుమ 60–70 డిగ్రీల వేడి పుట్టిస్తాయి. అవి తినేది మనం డబ్బు పెట్టి కొన్న కట్టెనే. నెలకు రెండు మూడు శాతం ఎండు పదార్థం అలా పోవడం మామూలు. వేడి ఇంకా పెరిగితే కుప్ప తనంతట తానే అంటుకుంటుంది. అందుకని ముందు వచ్చింది ముందు కాల్చాలి, కుప్పను మరీ ఎత్తు కట్టకూడదు, తడీ పొడీ కలిపి పోయకూడదు. ఇవేవీ టర్బైన్ బ్రోషర్‌లో ఉండవు. రాళ్లు, మేకులు, ఇనుప కడ్డీ ముక్కలు, అరచేతికి మించిన పొడవు పుల్లలు కూడా ఉండవు. నడుస్తున్న ప్లాంటులో జనవరి అర్ధరాత్రి పిలుపు ఎక్కువగా వచ్చేది కన్వేయర్‌లో ఏదో ఇరుక్కుపోయిందని.

చవక ఇంధనం ఆశ మరో ఉచ్చు. శుభ్రమైన కట్టెలో బూడిద ఒక శాతం లోపే. బెరడులో మూడు నాలుగు. ఊకలో దాదాపు 20, అదీ ఎక్కువగా ఇసుక గుణమున్న సిలికా. పత్తి కట్టె, గడ్డి లాంటి పంట వ్యర్థాల్లో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. పెద్ద బాయిలర్లలో కట్టె 850 డిగ్రీల దగ్గర ఉడుకుతున్నట్టు కదిలే ఇసుక పాన్పులో కాలుతుంది. పొటాషియం ఆ ఇసుకతో కలిస్తే గాజులా కరిగి ముద్దలు కడుతుంది. పాన్పు కదలడం ఆగిపోతుంది, బాయిలర్ ఆపి గడ్డపారలతో పగలగొట్టాలి. క్లోరిన్ ఆవిరి గొట్టాలను తినేస్తుంది. అందుకే ఒక ఇంధనానికి కట్టిన బాయిలర్‌లో ఇంకోటి వేస్తే మొదటి ఏడాది మిగిలిన డబ్బు మూడో ఏట గొట్టాలు మార్చడానికి సరిపోదు.

సామిల్లు పొట్టు, బెరడు, కొమ్మలు అన్నీ వేరే వ్యాపారానికి మిగులు సరుకులు. ఊక కోసం ఎవరూ వరి పండించరు. పొట్టు కోసం ఎవరూ దుంగ కొయ్యరు. ఇళ్ల నిర్మాణం మందగించి సామిల్లులు షిఫ్టులు తగ్గిస్తే పొట్టు ధర ఎంత పెంచినా పొట్టు పెరగదు. తిరగబడే రోజులూ ఉంటాయి. 2005 జనవరిలో గుద్రున్ తుపాను దక్షిణ స్వీడన్‌లో ఒక్క రాత్రిలో దాదాపు 7.5 కోట్ల ఘనపు మీటర్ల చెట్లను నేలకూల్చింది. దాని దెబ్బ ఎక్కువగా తగిలింది స్మోలండ్‌కే. ఆ తర్వాత కొంతకాలం కట్టెకు కొదవ లేదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక రష్యా, బెలారస్‌ల నుంచి ఫిన్లండ్‌కూ బాల్టిక్ తీరానికీ వచ్చే కట్టె ఆగిపోయి, ఉత్తర ఐరోపా అంతటా ఇంధనపు కట్టె ధర ఎగిసింది. ఊహా లెక్కలో మనం వేసిన అయిదో వంతు పెరుగుదల, ఆ రోజులతో పోలిస్తే, సౌమ్యమైనది.

యంత్రం గొప్పగా పనిచేసినా డబ్బు పనిచేయని కథలున్నాయి. ఆస్ట్రియాలో హంగరీ సరిహద్దు దగ్గర నాలుగు వేల జనాభా ఉన్న గుస్సింగ్ అందులో పేరున్నది. పేద ఊరు, చమురుకూ కరెంటుకూ డబ్బు బయటికి పోతోందని అడవి మీదకు మళ్లింది. 1996లో ఊరుమ్మడి వేడి వచ్చింది. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెర్మన్ హోఫ్‌బావర్ బృందం రూపొందించిన కొత్తరకం గ్యాసిఫయర్ ఈ శతాబ్దం మొదట్లో అక్కడ మొదలైంది. కట్టెను కాల్చకుండా, గాలికి బదులు ఆవిరితో వాయువుగా మార్చి, ఆ వాయువుతో ఇంజన్ నడిపే పద్ధతి. 8 మెగావాట్ల కట్టెకు 2 మెగావాట్ల కరెంటు, 4.5 మెగావాట్ల వేడి. ఇంత చిన్న ప్లాంటుకు ఇది చాలా మంచి పంట. ప్రపంచం నలుమూలల నుంచీ ఇంజనీర్లు, మంత్రులు చూడటానికి వచ్చారు. కానీ దాని బతుకు కరెంటుకు ప్రభుత్వం హామీ ఇచ్చిన ధర మీద నిలబడింది. ఆ ధర గడువు తీరింది, కట్టె ఖరీదైంది, 2016లో ప్లాంటు ఆగిపోయింది. అదే పద్ధతిని పెద్దది చేసి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సహజవాయువు లాంటి వాయువు తయారుచేసే 20 మెగావాట్ల ప్లాంటు కట్టారు. సాంకేతికంగా అదీ నడిచింది. సహజవాయువు చవకగా ఉండటంతో 2018లో దాన్నీ మూసేశారు. రెండు చోట్లా శాస్త్రజ్ఞులు చెప్పింది జరిగింది, ఆర్థిక పట్టికలు చెప్పింది జరగలేదు.

సబ్సిడీ తక్కువైతే ప్లాంటు ఆగుతుంది. ఎక్కువైతే ప్రభుత్వమే ఆగిపోవచ్చు. ఉత్తర ఐర్లండ్ 2012లో కట్టె గుళికల బాయిలర్లు పెట్టుకునే వ్యాపారులకు, రైతులకు యూనిట్ వేడికి ఇంత అని ఇరవై ఏళ్లపాటు చెల్లించే పథకం పెట్టింది. యూనిట్‌కు ఇచ్చే డబ్బు ఆ యూనిట్‌కు కావలసిన గుళికల ఖర్చు కంటే ఎక్కువైంది. పై పరిమితి పెట్టడం మరిచారు. ఎంత కాలిస్తే అంత లాభం! పథకం 2016లో మూతపడింది; అంచనా భారం 49 కోట్ల పౌండ్లు. ఆ గొడవలో 2017 జనవరిలో ఉప ప్రథమ మంత్రి మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామా చేయడంతో సంకీర్ణ ప్రభుత్వం కూలి, మూడేళ్లు అసెంబ్లీ నడవలేదు. ఎవరి చేతిలోనో ఉన్న ఒక అంకె మీద కట్టిన పెట్టుబడి ఏ దిక్కుకైనా ఒరుగుతుంది.

ఇలాంటి అంకె కథ మనకూ ఒకటుంది. 1990ల చివర, 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయోమాస్ విద్యుత్ ప్లాంట్లు వరసగా వచ్చాయి; ఎక్కువగా 6 మెగావాట్లవి. ఊక, సర్కారు తుమ్మ, పత్తి కట్టె, మిరప కట్టె ఇంధనం. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం 1994–95లో యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలు మొదలుగా ఏటా 5 శాతం పెరిగే ధర కరెంటుకు రావాలని పెట్టుబడిదారులు లెక్క వేసుకున్నారు. 2004 మార్చిలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరను సమీక్షించి తగ్గించింది. ప్లాంట్ల యజమానులు అప్పీలుకు వెళ్లారు. ట్రిబ్యునల్ ఒకలా చెప్పింది, 2010 జులైలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టి విషయాన్ని మళ్లీ మండలి దగ్గరికే పంపింది. కేసు నడిచిన ఆరేళ్లూ ఊక ధర ఏ కోర్టు కోసమూ ఆగలేదు. ప్లాంట్లు ఎక్కువయ్యేకొద్దీ ఊక కోసం పోటీ పెరిగింది. ఇటుక బట్టీలు, ఇతర బాయిలర్లు కూడా అదే ఊక కొంటాయి. సుబాబుల్, సర్వి, జామాయిల్ కర్రకైతే కాగితపు మిల్లులున్నాయి. వాటితో పోటీపడి కర్ర కొని కరెంటు అమ్మడం లెక్కకు రాదు. చాలా ప్లాంట్లు మూతపడ్డాయి.

అన్యాయం జరిగిందా లేదా అన్నది కోర్టుల విషయం. శాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ ప్లాంట్లకు పుట్టుకతోనే ఒక లోపముంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కల్లో ఇలాంటి ప్లాంటు యూనిట్ కరెంటుకు 4,000 కిలోకేలరీలకు పైగా కాలుస్తుంది. యూనిట్‌లో ఉండేది 860. అయిదో వంతు కరెంటు, నాలుగు వంతులు వేడిగా వృథా. గుంటూరులోనో నల్లగొండలోనో ఆ వేడినీళ్లు కొని ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లెవరు? మే నెలలో ఊరి కింద వేడినీళ్ల పైపు అనే మాటే చెమట పట్టిస్తుంది.

అలాగని తెలుగు నేలలో వేడికి కొనుగోలుదారులే లేరని కాదు. వాళ్లు ఇళ్లలో లేరు, మిల్లుల్లో ఉన్నారు. కాగితపు మిల్లునే చూడండి. భద్రాచలం దగ్గర సారపాకలో, రాజమహేంద్రవరంలో కర్రను రసాయనాల్లో ఉడికించి గుజ్జు తీస్తారు. కర్రలో దాదాపు సగం గుజ్జుగా మిగులుతుంది. మిగతా సగం, అందులో ముఖ్యంగా లిగ్నిన్, రసాయనాలతో కలిసి నల్లటి ద్రవంగా బయటికి వస్తుంది. దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. గట్టిగా చిక్కబరిచి ప్రత్యేక బాయిలర్‌లో చిమ్మి కాలుస్తారు. అడుగున రసాయనాలు తిరిగి దొరుకుతాయి, పైన ఆవిరి పుడుతుంది. ఆవిరి ముందు టర్బైన్ తిప్పి, తర్వాత గుజ్జు ఉడికించడానికి, తడి కాగితం ఆరబెట్టే రోలర్లలోకి వెళ్తుంది. ఏడాదిలో మరమ్మతు రోజులు తప్ప రాత్రింబవళ్లు. మన దగ్గర కట్టెతో కరెంటు, వేడి కలిపి తీసే అసలైన ప్లాంట్లు ఇవే. బోర్డు మీద మాత్రం కాగితం అని ఉంటుంది. చక్కెర మిల్లులో చెరుకు పిప్పి, బాయిల్డ్ రైస్ మిల్లులో ఊక చేసేదీ ఇదే పని. ఇంధనం గేటు దాటి బయటికి పోనక్కర్లేదు, వేడి గేటు లోపలే ఖర్చవుతుంది. మన దగ్గర ఈ రంగంలో డబ్బు పెట్టాలనుకునేవారు కొత్త ప్లాంటుకు స్థలం వెతకడం కంటే, చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా ఆవిరి వాడుతుందో వెతకడం మంచిది.

ఇక కర్బనం సంగతి. కట్టె కాలిస్తే కాలుష్యం సున్నా అని అమ్మేవాళ్లు చెబుతారు. పొగగొట్టం దగ్గర కొలిస్తే ఒకే వేడికి కట్టె బొగ్గు కంటే ఎక్కువ బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. జౌళ్లలో లెక్కిస్తే ఆరో వంతుకు పైగా ఎక్కువ. ఆ వాయువును చెట్టు మళ్లీ పీల్చుకుంటుందన్నది నిజమే, ఎప్పుడన్నదే ప్రశ్న. ఎలాగూ కుళ్లిపోయే కొమ్మలు, పొట్టు అయితే కొన్నేళ్లలో లెక్క సరిపోతుంది. నిలువెత్తు చెట్టును పొయ్యి కోసమే నరికితే దశాబ్దాలు పడుతుంది. ఐరోపా సంఘం తన పునరుత్పాదక ఇంధన చట్టాన్ని 2018లో, మళ్లీ 2023లో బిగించింది కూడా ఈ తేడా చుట్టూనే. ప్లాంటు ఆయుష్షు ఇరవై అయిదేళ్లు, చట్టం ఆయుష్షు అయిదేళ్లు. పెట్టుబడిదారు మొదటి నుంచీ పొట్టూ కొమ్మల మీదే నిలబడితే ఆ తేడా పెద్దగా నొప్పించదు.

స్టాక్‌హోమ్ వెర్తాన్ రేవులో 2016లో మొదలైన ప్లాంటులో ఈ అధ్యాయమంతా ఒకే చోట కనిపిస్తుంది. 130 మెగావాట్ల కరెంటు, 280 మెగావాట్ల వేడి. ఖర్చు సుమారు 500 కోట్ల క్రోనాలు. చిప్స్ ఓడల్లో, రైళ్లలో వచ్చి ఒకప్పుడు చమురు దాచిన రాతి గుహలోకి దిగుతాయి. నిండు చలిలో రోజుకు పది వేల ఘనపు మీటర్లకు పైగా కాలుతాయి. ఈ ప్లాంటు నడిపే కంపెనీలో సగం స్టాక్‌హోమ్ నగరానిది. మిగతా సగాన్ని 2021లో ఐరోపా పెన్షన్ నిధులు, బీమా సంస్థల బృందం దాదాపు 2,950 కోట్ల క్రోనాలకు కొంది. పెన్షన్ నిధులు కొత్త యంత్రాల మీద మోజుతో డబ్బు పెట్టే రకం కాదు. వాటికి కావలసింది ముప్పై ఏళ్లు నెలనెలా వచ్చే బిల్లు, నగరం కింద ఉన్న పైపులు ఇచ్చేది అదే.

2025 మార్చిలో ఆ కంపెనీ ఇంకో 1,300 కోట్ల క్రోనాల పెట్టుబడికి ఖాయంగా ఒప్పుకుంది: పొగలోని బొగ్గుపులుసు వాయువును ఏటా 8 లక్షల టన్నులు పట్టి, ద్రవంగా మార్చి, ఓడల్లో నార్వే తీసుకెళ్లి ఉత్తర సముద్రం అడుగున రాతి పొరల్లో దాచడం. చెట్టు గాలి నుంచి తీసుకున్నదాన్ని భూమిలో పూడ్చినట్టే గనక, ఆ టన్నులను కొనేవాళ్లున్నారు. మైక్రోసాఫ్ట్ లక్షల టన్నులకు ఒప్పందం చేసుకుంది, స్వీడన్ ప్రభుత్వం వేలం ద్వారా సుమారు 2,000 కోట్ల క్రోనాల సాయం ఒప్పుకుంది. 2028లో మొదలవ్వాలి. వేడి, కరెంటు తర్వాత ఇది ప్లాంటుకు మూడో సరుకు. వాయువును పట్టేందుకు పొటాషియం కార్బొనేట్ ద్రావణం వాడతారు. పొగను నొక్కడానికి, ద్రావణం నుంచి వాయువును విడిపించడానికి ఆవిరీ కరెంటూ బాగా ఖర్చవుతాయి. ఆ ఖర్చయిన శక్తిలో చాలా భాగం చివరికి గోరువెచ్చని వేడిగా మిగులుతుంది. స్టాక్‌హోమ్‌లో దాన్ని మళ్లీ ఊరి పైపుల్లోకి ఎక్కించి అమ్ముతారు. పైపు లేని చోట అదే యంత్రం పెడితే, ఆ వేడి వదిలించుకోవడానికి ఇంకో కూలింగ్ టవర్ కట్టాలి.